తుఫాను కబురు తీరం చేరే దారి

తుఫాను హెచ్చరిక సముద్రం మీద మొదలై ఒక ఇంటి గడప దగ్గర ముగుస్తుంది. ఈ మధ్యలో అది ఉపగ్రహం, రాడారు, కంప్యూటరు, విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం, కలెక్టరు కార్యాలయం, తహసీల్దారు, గ్రామ సచివాలయం, మైకు కట్టిన ఆటో ఇలా ఎన్నో చేతులు మారుతుంది. వీటిలో ఏ ఒక్క చోట కబురు ఆగినా, ఆలస్యమైనా అంతకుముందు జరిగిన శ్రమంతా వృథా. విపత్తుల వేళ సాంకేతిక విజ్ఞానం చేసే సాయం గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల మాటే వినిపిస్తుంది. ప్రాణాలు నిలిచేదీ పోయేదీ మాత్రం చాలాసార్లు ఆ చివరి రెండు మూడు మైళ్ల దగ్గరే. ఇందుకు సాక్ష్యం వెతకడానికి దూరం పోనక్కరలేదు, ఆంధ్ర తీరం చరిత్రే చాలు.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన తెలుగువారి జ్ఞాపకంలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, నాగాయలంక, కోడూరు చుట్టుపక్కల పల్లెల మీదికి సముద్రం తాటిచెట్లంత ఎత్తున లేచి వచ్చిందని చూసినవారు చెప్పారు. పదివేలకు పైగా మనుషులు, లెక్కలేనన్ని పశువులు కొట్టుకుపోయాయి. ఆనాడు భారతదేశానికి వాతావరణాన్ని చూసే సొంత ఉపగ్రహం లేదు. తుఫాను కబురు జిల్లా కేంద్రాలకు టెలిగ్రాముల ద్వారా, ఫోను ద్వారా, ఊళ్లకు రేడియో ద్వారా చేరాలి. గాలి ముదిరేసరికి మొదట కూలేవి టెలిగ్రాఫు స్తంభాలే. ఒకవేళ కబురు అందినా, ఉప్పెన అంటే ఎంత ఎత్తు నీరో, ఎంత దూరం లోపలికి వస్తుందో చెప్పేవారు లేరు. ఊరు విడిచి వెళ్లినవారు తలదాచుకోవడానికి గట్టి కట్టడం కూడా చాలా ఊళ్లలో లేదు. తీరం వెంట తుఫాను షెల్టర్ల నిర్మాణం ఊపందుకున్నది ఆ విషాదం తరువాతనే.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరడంతో పరిస్థితి మారింది. ఆ ఉపగ్రహం మేఘాల చిత్రాలు తీయడమే కాకుండా మాటలను మోసే పని కూడా చేసేది. దాని ఆధారంగా 1980ల మధ్యకాలంలో వాతావరణ శాఖ ఒక కొత్త హెచ్చరిక వ్యవస్థను నెలకొల్పింది. మొదట ఉత్తర తమిళనాడు, దక్షిణ ఆంధ్ర తీరాల్లోని ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రత్యేక రిసీవర్లు పెట్టారు. తుఫాను ఏ జిల్లాల వైపు వస్తుందో ఆ జిల్లాల సంకేతం పంపితే ఆ రిసీవర్లు మాత్రమే మేల్కొని సైరన్ మోగించేవి. ఆ వెంటనే ప్రాంతీయ భాషలో సందేశం వినిపించేది. ఇందులో గమనించవలసిన తెలివైన ఆలోచనలు రెండు ఉన్నాయి. స్తంభాలూ తీగలూ కూలినా ఉపగ్రహం కూలదు. అన్ని ఊళ్లకూ ఒకే హెచ్చరిక పంపి విసిగించకుండా, ప్రమాదం ఉన్న చోటికే పంపితే జనం దానిని నమ్ముతారు. ఈ రెండో ఆలోచన విలువ ఏమిటో తరువాతి ముప్పై ఏళ్లు మళ్లీ మళ్లీ చూపించాయి.

1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను 1977 నాటి దానికి బలంలో తీసిపోదు. అప్పటికి కొత్త వ్యవస్థ పనిచేస్తోంది, అధికారులు లక్షల మందిని ముందే తరలించారు. ఆ తుఫానులో వెయ్యి లోపు ప్రాణాలు పోయాయి. అది చిన్న సంఖ్య కాదు. అయినా 1977తో పోల్చి చూస్తే, ముందుగా అందిన కబురు ఎన్ని వేల మందిని కాపాడిందో అర్థమవుతుంది.

ఆ తరువాత 1996 నవంబరు 6న వచ్చిన కోనసీమ తుఫాను ఈ వ్యవస్థలోని పెద్ద లోటును బయటపెట్టింది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫాను చూస్తుండగానే బలపడింది. ఒడ్డున ఉన్నవారికి చెప్పే దారులు ఎన్నో కొన్ని ఉన్నాయి. వేటకు వెళ్లి నడిసముద్రంలో ఉన్నవారికి చెప్పే దారి దాదాపు లేదు. వెయ్యి మందికి పైగా మరణించగా, పడవలతో సహా కనిపించకుండా పోయిన మత్స్యకారులు వందల్లో ఉన్నారు. పాత రేడియో సెట్టు ఉన్న పడవలు కొన్ని మాత్రమే ఉండేవి. ఆనాటి కుటుంబాలకు ఏ రాడారు గురించి చెప్పినా ఊరట కలగదు.

సముద్రంలో ఉన్నవారి సమస్య ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే ఫోనుకు సిగ్నల్ ఉండదు. మరపడవలు మాత్రం రోజుల తరబడి అంతకు ఎన్నో రెట్ల దూరంలో తిరుగుతాయి. 2017 చివర్లో కేరళ, తమిళనాడు తీరాల్లో ఓఖీ తుఫాను వందల మంది మత్స్యకారులను బలి తీసుకున్నాక ఈ విషయం దేశమంతటికీ తెలిసింది. 2019 అక్టోబరులో హైదరాబాద్‌లోని మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ జెమిని అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. అది ఉపగ్రహం నుంచి హెచ్చరికను అందుకుని, పడవలో ఉన్నవారి ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంపుతుంది. కబురు అందుతుంది, జవాబు చెప్పే వీలు అందులో లేదు. అటూ ఇటూ మాట్లాడగలిగే పరికరాలను ఇస్రో ఆ తరువాత రూపొందించింది. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ రేవుల దాకా వెళ్లి వేట సాగించే తెలుగు మత్స్యకారులు వేలల్లో ఉన్నారు. వాళ్లెక్కే ప్రతి పడవలోనూ అలాంటి పరికరం ఉండేలా చూడటం ప్రభుత్వాలు వాయిదా వేయకూడని పని.

ఇక తుఫాను దారిని అంచనా వేసే విద్య. చెన్నైలో 2002లో డాప్లర్ రాడారు వచ్చింది, ఆ తరువాత మచిలీపట్నంలోనూ విశాఖపట్నంలోనూ పెట్టారు. మామూలు రాడారు మేఘం ఎక్కడ ఉందో చెబుతుంది. డాప్లర్ రాడారు ఆ మేఘంలోని చినుకులు ఎంత వేగంతో ఎటు కదులుతున్నాయో కూడా చెబుతుంది. అందువల్ల తుఫాను కన్ను తీరానికి దగ్గరయ్యే చివరి గంటల్లో గాలి బలం తెలుస్తుంది. సముద్రంలో తేలే బోయాలు, ఉపగ్రహ చిత్రాలు, సూపర్ కంప్యూటర్ల మీద నడిచే గణిత నమూనాలు కలిసి దారిని గీస్తాయి. ఒక రోజు ముందు చెప్పే అంచనాలో తప్పు ఇప్పుడు సగటున వంద కిలోమీటర్ల లోపే. వాతావరణ శాఖ తుఫాను కబురును నాలుగు దశల్లో ఇస్తుంది. 72 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు. ఎరుపు వచ్చేసరికి ఊరు ఖాళీ అయి ఉండాలి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు తీరప్రాంత తెలుగువారికి తరతరాలుగా తెలుసు. మచిలీపట్నం రేవులో మూడో నంబరు, కాకినాడలో పదో నంబరు అని రేడియోలో వినగానే ఎంత భయపడాలో జాలరి ఇంట్లో పిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఎనిమిది నుంచి పది దాకా అతి పెద్ద ప్రమాదం. పది దాటాక పదకొండో నంబరు కూడా ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో రేవుకు సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని, ప్రమాదం ఉందని అక్కడి అధికారి సొంతంగా తీర్మానించాడని దాని అర్థం. కబురు అందకపోవడం కూడా ఒక ప్రమాదమేనని ఆ సూచికలను తయారు చేసినవారు చాలా కాలం కిందటే గుర్తించారు.

కబురును చివరి ఇంటి దాకా తీసుకువెళ్లడంలో మన పొరుగు రాష్ట్రం ఒడిశా సాధించినది అసామాన్యం. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన సూపర్ సైక్లోన్ దాదాపు పదివేల మందిని చంపింది. ఆ ఏడాది చివరికే ఆ రాష్ట్రం విపత్తుల కోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. కొన్ని విదేశీ సంస్థలు ఇంకా భయంకరమైన అంచనాలు చెబుతున్నా భారత వాతావరణ శాఖ తన లెక్క మీద నిలబడింది, ఆ లెక్కే నిజమైంది. పది లక్షల మందికి దగ్గరగా జనాన్ని ముందే తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. 2019 మే 3న ఫణి తుఫాను నాటికి తీరం వెంట 122 సైరన్ టవర్లు సిద్ధంగా ఉన్నాయి. దాదాపు 26 లక్షల ఫోను సందేశాలు వెళ్లాయి, 40 వేలకు పైగా కార్యకర్తలు ఊరూరా తిరిగారు, సుమారు 12 లక్షల మంది షెల్టర్లకు చేరారు. ఈ జాబితాలో సైరన్ ఉంది, ఫోను ఉంది. వాటి పక్కనే గడప గడపకూ వెళ్లి ముసలివాళ్లను చేయి పట్టుకుని నడిపించిన మనుషులున్నారు. ఫణి నాటి విజయంలో పెద్ద వాటా వాళ్లదే.

ఈ మనుషుల వ్యవస్థకు అసలు మార్గదర్శి బంగ్లాదేశ్. 1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్ మీద పడిన భోలా తుఫాను మూడు లక్షల నుంచి ఐదు లక్షల మందిని మింగిందని అంచనా. చరిత్రలో అంతకు మించిన తుఫాను మరణాల లెక్క లేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1972లో, అక్కడి ప్రభుత్వమూ రెడ్ క్రెసెంట్ సంఘమూ కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ కార్యక్రమం పరికరాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: మెగాఫోను, చేతి సైరన్, వైర్‌లెస్ సెట్టు, జెండాలు. ప్రమాదం పెరిగేకొద్దీ ఎగరేసే జెండాల సంఖ్య పెరుగుతుంది. చదువు రానివారికీ అది అర్థమవుతుంది. ఇప్పుడు అందులో 70 వేలకు పైగా కార్యకర్తలున్నారు, వారిలో సగం మంది స్త్రీలు. ఈ సగం అనే మాటకు గొప్ప విలువ ఉంది. పరాయి మగవాడు తలుపు తడితే బయటకు రాని స్త్రీలు సాటి స్త్రీ పిలిస్తే వచ్చారు. 2020లో ఆంఫన్ తుఫాను వేళ బంగ్లాదేశ్ 24 లక్షల మందిని తరలించింది. లక్షల్లో పోయిన ప్రాణాల లెక్క పదుల్లోకి దిగింది.

విశాఖపట్నం మీద 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ మరో పాఠం చెప్పింది. ముందస్తు హెచ్చరిక అందింది, తీరప్రాంత జనాన్ని ఖాళీ చేయించారు, ప్రాణనష్టం తగ్గింది. కానీ తుఫాను తీరం దాటాక పెద్ద నగరం ఒక్కసారిగా మూగబోయింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడారు తుఫాను కన్ను దగ్గరకు వచ్చేదాకా పనిచేసి ఆగిపోయింది. కరెంటు స్తంభాలు, చెట్లు, సెల్ టవర్లు కూలాయి. నిలబడి ఉన్న టవర్లకు కూడా కరెంటు లేదు. బ్యాటరీ అయిపోయాక డీజిలు తెచ్చి పోయడానికి దారి లేదు, అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. బయట ఊళ్లలో ఉన్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమం తెలియక రోజులు గడిపారు. అధికారులకు కూడా ఏ వీధిలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఉపగ్రహ ఫోన్లు, పోలీసు వైర్‌లెస్ సెట్లే ఆధారమయ్యాయి. ఫోను మీద నడిచే ఏ ఏర్పాటైనా ఫోను పడిపోయిన రోజుకు వేరే దారి చూపించాలి. అది లేని వ్యవస్థ సగం వ్యవస్థే.

ఆ వేరే దారుల్లో అమెచ్యూర్ రేడియో ఒకటి. దీన్నే హామ్ రేడియో అంటారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. వారు వెళ్లింది హామ్ ప్రసారాల కార్యక్రమం కోసం. భూకంపంతో మామూలు సంబంధాలు తెగిపోయాక వారి సెట్టే అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి వార్తలు మోసింది. బ్యాటరీ, తీగ యాంటెన్నా, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న మనిషి ఉంటే చాలు, వేల కిలోమీటర్ల దూరం మాట చేరుతుంది. తీరప్రాంత జిల్లాల్లోని కళాశాలల్లో ఈ విద్య నేర్పితే ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎంతో ఎక్కువ.

ఆ సునామీనే చూద్దాం. ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది. ఆంధ్ర తీరాన్ని అల తాకడానికి రెండు గంటలకు పైగా సమయం ఉంది. ఆ రెండు గంటల్లో మంగినపూడి తీరంలో స్నానాలు చేస్తున్నవారికి చెప్పే నాథుడు లేడు. రాష్ట్రంలో వంద మందికి పైగా, అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షలకు పైగా మనుషులు పోయారు. ఆ తరువాత 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో మొదలైంది. సముద్రపు అడుగున పెట్టిన పీడన పరికరాలు పైన నీటి మట్టం సెంటీమీటర్ల మేర మారినా పసిగడతాయి. భూకంపం వచ్చిన పది నిమిషాల ప్రాంతంలో తొలి బులెటిన్ వెలువడుతుంది. హిందూ మహాసముద్ర దేశాలకు ఈ సేవ అందించే మూడు కేంద్రాల్లో ఇది ఒకటి, మిగిలినవి ఆస్ట్రేలియాలోనూ ఇండోనేషియాలోనూ ఉన్నాయి.

చేతిలోని ఫోను ద్వారా హెచ్చరిక పంపే పద్ధతి కూడా మారింది. మామూలు సందేశం ఒక్కో నంబరుకూ విడివిడిగా వెళ్లాలి. లక్షల మందికి ఒకేసారి పంపితే దారి రద్దీ అయి గంటలు పడుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో టవర్ తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకే క్షణంలో సందేశం విసురుతుంది, ఎవరి నంబరూ తెలియనవసరం లేదు. 2023లో దేశంలో పలుచోట్ల పరీక్షగా పంపినప్పుడు ఫోన్లు పెద్ద శబ్దంతో మోగి చాలామంది ఉలిక్కిపడ్డారు. అది ఉలిక్కిపడేలా ఉండటమే మంచిది. అయితే సందేశం ఏ భాషలో ఉందన్నది మరీ ముఖ్యం. పరాయి భాషలో వచ్చిన హెచ్చరిక చప్పుడు చేసి పోతుంది, కాళ్లను కదిలించదు. మన్యంలోని కొండ భాషల వారికి, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలకు వారి మాటల్లో చెప్పే ఏర్పాటు కూడా ఉండాలి.

భాష విలువ హైతీలో తేటతెల్లమైంది. 2010 జనవరి 12న ఆ దేశ రాజధాని పోర్టో ప్రిన్స్ భూకంపంలో కూలినప్పుడు రక్షక దళాలకు సరైన వీధి పటం కూడా లేదు. ప్రపంచం నలుమూలలా ఉన్న వందల మంది ఔత్సాహికులు ఉపగ్రహ చిత్రాలు చూసి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో రోజుల వ్యవధిలో నగరాన్ని గీశారు. 4636 అనే నంబరుకు జనం తమ బాధ సందేశంగా పంపుతుంటే, అవి హైతీ క్రియోల్ భాషలో ఉండేవి. విదేశాల్లో స్థిరపడిన హైతీయులు వాటిని అనువదించి కెన్యాలో పుట్టిన ఉషాహిది వేదిక మీద పటానికి ఎక్కించారు. అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న తెలుగువారు కూడా తమ ఊరి పటాన్ని ఇప్పుడే, ఏ విపత్తూ రాకముందే, నింపి పెట్టవచ్చు.

మన దేశంలో వరద పటాల పనిని హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేస్తోంది. మామూలు కెమెరా మేఘాల వెనక ఉన్నది చూడలేదు, వరద రోజుల్లో ఆకాశమంతా మేఘాలే. అందుకే రాడారు కిరణాలు పంపే ఉపగ్రహాలు కావాలి. 2012లో రీశాట్-1, 2022 ఫిబ్రవరిలో ఈఓఎస్-04 ఆ పని కోసం వెళ్లాయి. నిండా మునిగిన పొలానికీ తడిసిన నేలకూ తేడా వాటి చిత్రాల్లో తెలుస్తుంది. పెద్ద విపత్తు వస్తే అంతర్జాతీయ ఒప్పందం కింద ఇతర దేశాల ఉపగ్రహాలు కూడా ఉచితంగా చిత్రాలు ఇస్తాయి. ఇస్రో 2001లో అందులో చేరింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్ సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు పడవలు పోలేని సందుల్లోకి డ్రోన్లు ఆహారం, నీళ్లు, మందులు మోశాయి. అదే వరదల్లో ఖమ్మం మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు తెగించి బయటకు తెచ్చాడు. డ్రోను మోసే బరువు కొన్ని కిలోలే, దాని విలువ దారి మూసుకుపోయిన చోట. వేల ఇళ్లకు అన్నం అందించాలంటే పడవలు, ట్రాక్టర్లు, వంటశాలలే దిక్కు. కొత్త యంత్రం ఫొటోలో బాగా పడుతుందని పాతవాటి నిర్వహణ మరవకూడదు.

సాయం పంచేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో సిరియా శరణార్థులు కనుపాప చూపి దుకాణంలో సరుకులు తీసుకునే పద్ధతి 2016లో మొదలైంది. కార్డు పోయే బాధ లేదు, దొంగ పేర్లు లేవు. కానీ వేలిముద్రలూ కనుపాపలూ ఒకసారి నమోదయ్యాక ఎవరి చేతుల్లోకి వెళతాయన్నది ఆ మనిషి చేతిలో ఉండదు. బంగ్లాదేశ్‌లోని రోహింగ్యాల వివరాలు వారు ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయి వచ్చారో ఆ ప్రభుత్వానికే చేరాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ఆకలితో ఉన్నవాడు ఏ కాగితం మీదైనా వేలు పెడతాడు. దానిని సమ్మతి అనడం న్యాయం కాదు.

తుఫాను కాలం మళ్లీ వస్తుంది. బంగాళాఖాతంలో మే నెల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి తుఫాన్లు పుట్టే రోజులు. తీరప్రాంత వాసులు ఫోనులో అత్యవసర హెచ్చరికల అమరికను ఆపకుండా ఉంచాలి. బ్యాటరీతో పనిచేసే రేడియో సెట్టు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉందో ముందే తెలుసుకోవాలి. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077, రాష్ట్ర కంట్రోల్ రూము నంబరు 1070. ఈ రెండూ ఫోనులో మాత్రమే కాకుండా ఇంటి గోడ మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.